మత్తు మానేశాడు సరే, ఇక రోజంతా ఏం చేయాలి?

పోయిన నెల మత్తుకు అలవాటైన పిల్లాడి తల్లికి జవాబు రాస్తూ "పిల్లాడు సెంటర్ నుంచి ఇంటికొచ్చిన రోజే అసలు పని మొదలవుతుంది" అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకుని చాలామంది రాశారు, ఆ అసలు పని ఏమిటి, ఎవరు చేయాలి, ఎలా చేయాలి అని. అందుకే ఈసారి మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టి దీనికే చోటిస్తున్నాను. పేర్లు వేయడం లేదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. తొమ్మిదిలో ఉండగా గంజాయి అలవాటైంది, మాకు తెలిసేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది. డీఅడిక్షన్ సెంటర్‌లో 45 రోజులు ఉంచి తీసుకొచ్చాం. వచ్చి నెలైంది. మళ్లీ ముట్టుకోలేదు. కానీ పొద్దున పదకొండింటి దాకా లేవడు, లేచినా గదిలోనే ఉంటాడు, ఏమడిగినా కసురుకుంటాడు. ఫోన్ తీసేశాం, బయటికి పంపడం లేదు. సెంటర్‌వాళ్లు "లైఫ్ స్కిల్స్ నేర్పించండమ్మా" అని ఒక కాగితం ఇచ్చారు. అందులో పది పేర్లున్నాయి. నేను ఏడో తరగతి వరకే చదివాను. వాడికి నేనేం నేర్పగలను?
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు ఆ కాగితం సంగతి చెబుతాను. ఆ పదీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990ల మొదట్లో బడి పిల్లల కోసం చెప్పినవి. తనను తాను తెలుసుకోవడం, ఎదుటివాళ్ల బాధ అర్థం చేసుకోవడం, మంచిచెడ్డలు తూచుకోవడం, కొత్తగా ఆలోచించడం, నిర్ణయం తీసుకోవడం, సమస్యకు దారి వెతుక్కోవడం, మనసులో మాట సరిగ్గా చెప్పగలగడం, నలుగురితో మెలగడం, టెన్షన్ తట్టుకోవడం, కోపతాపాలు అదుపులో పెట్టుకోవడం. కాగితం మీద చూస్తే పెద్ద మాటల్లా ఉంటాయి గానీ మీరు ఇన్నేళ్లుగా ఇల్లు నడుపుతున్నది వీటితోనే. నెలాఖరున చేతిలో పైసా లేనప్పుడు అప్పిచ్చినాయన గుమ్మంలోకి వస్తే గొడవ కాకుండా వారం గడువు అడిగి పంపిన రోజు మీకు ఉండే ఉంటుంది. ఆ ఒక్క పనిలో ఈ పదిలో ఆరేడు ఉన్నాయి. చదువు తక్కువన్న దిగులు వదిలేయండి.

మరి మీవాడికి ఇవి ఎందుకు రాలేదు? నేర్చుకోవాల్సిన వయసులో ఆ చోటంతా గంజాయి ఆక్రమించుకుంది కాబట్టి. 14, 15 ఏళ్లప్పుడు పిల్లలు తమకు తెలియకుండానే చాలా నేర్చుకుంటారు, ఏమీ తోచకపోతే ఏం చేయాలో, ఫ్రెండ్ నలుగురిలో మాట అంటే ఎలా తట్టుకోవాలో, పరీక్ష భయం వేస్తే ఎలా కూర్చోవాలో, నిద్ర పట్టని రాత్రి ఎలా గడపాలో. మీవాడు వీటన్నిటికీ ఒకే మందు వాడాడు. ఇప్పుడు ఆ మందు లేదు, కానీ బోరు కొట్టడం పోలేదు, భయం పోలేదు, అవమానం పోలేదు. కొన్ని విషయాల్లో వాడింకా తొమ్మిదో తరగతి దగ్గరే ఆగిపోయి ఉన్నాడు. పైగా ఆగి ఆలోచించమని చెప్పే మెదడు ముందు భాగం ఎదగడానికి ఏ పిల్లలకైనా ఇరవయ్యో ఏడు దాటి ఇంకా నాలుగైదేళ్లు పడుతుంది. అందుకని దీన్ని మొండితనం అనుకోవద్దు.

నిద్రతో మొదలుపెట్టండి. గంజాయి మానిన మొదటి రెండు వారాలు చిరాకు, ఆకలి మందగించడం బాగా ఉంటాయి, నిద్ర చెదరడం మాత్రం కొందరికి నెల దాటినా ఉంటుంది. పదకొండింటికి లేస్తున్నాడంటే రాత్రి ఎన్నింటికి కన్ను మూతపడుతోందో అడగండి. తిట్టినట్టు కాకుండా అడగండి. పడుకునే టైమ్ మన చేతిలో ఉండదు, లేచే టైమ్ ఉంటుంది. ఈ వారం పదిన్నర, వచ్చే వారం పది, అలా జరుపుకుంటూ రండి. లేచాక మీరూ వాడూ కలిసి టీ తాగండి. ఇలా మూడు నాలుగు వారాలు చేసినా దేని మీదా ఆసక్తి లేకుండా, తిండి మానేసి, మాట్లాడకుండా ఉంటే మాత్రం డాక్టర్‌కు చూపించాలి, దాని వెనక డిప్రెషన్ ఉండొచ్చు, దానికి మందులున్నాయి.

తర్వాత వాడికి ఇంట్లో ఒక పని ఇవ్వండి, వాడు చేయకపోతే ఆ రోజుకు ఆగిపోయే పని. ఉత్తుత్తి పని ఇస్తే పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. నేనైతే ఆదివారం కూర వాడికి అప్పగించమంటాను. ఏం కూరో వాడే అనుకోవాలి, 150 రూపాయల్లో సరుకులు తేవాలి, చెక్కు తీయాలి, తరగాలి, పోపు వేయాలి, ఉడికేదాకా పొయ్యి దగ్గర నిలబడాలి. గంజాయితో బతికిన పిల్లలకు అన్నిటికన్నా కష్టమైంది ఆ ఎదురుచూడటమే, ఎందుకంటే మత్తు నిమిషాల్లో ఎక్కుతుంది, కూర నిమిషాల్లో ఉడకదు. పోపు మాడితే మాడనివ్వండి. "నీకెందుకురా, లే" అని గరిటె లాక్కోవద్దు. మాడిన కూర అందరూ తిని, వచ్చే ఆదివారం మళ్లీ వాడే చేస్తే, తప్పు జరిగినా కొంప మునగదని వాడికి ఒంటితో తెలుస్తుంది. ఈ ఒక్కటి తెలియకే చాలామంది పిల్లలు చిన్న ఓటమి ఎదురవగానే పాత చోటుకి పరిగెడతారు.

"వద్దు" అనడం నోటితో ప్రాక్టీస్ చేయించాలి. మనసులో అనుకుంటే చాలదు. నేను వారానికోసారి ఇలాంటి పిల్లలతో కూర్చుంటాను. మొదటిసారి "వద్దు మామా" అనమంటే తల దించుకుని గొణుగుతారు. అయిదారు సార్లయ్యాక గొంతు పెగులుతుంది. మీ బంధువుల్లో వాడికి అన్న వరసయ్యే కుర్రాడెవరైనా ఉంటే, వాణ్ని పాత ఫ్రెండ్‌లా నటించమనండి. "ఒక్క దమ్మేరా, ఏం కాదు", "భయపడుతున్నావా", "మారిపోయావురా నువ్వు" అని వాడు మూడు నాలుగు రకాలుగా లాగాలి, మీవాడు తన సొంత మాటల్లో తప్పించుకోవాలి. "ఇంట్లో టెస్ట్ చేయిస్తున్నారు, దొరికిపోతా" అనే సాకు చెప్పినా తప్పు లేదు. బయటపడటం ముఖ్యం.

ఇంకొకటి. గంజాయి కావాలని లోపల్నుంచి లాగుతున్నప్పుడు ఇక అది తగ్గదు, పెరుగుతూనే పోతుంది అని పిల్లలు భయపడతారు. నిజానికి అది అలలా లేచి, మామూలుగా అరగంట లోపే దిగుతుంది. గడియారం చూసుకోమని చెప్పండి. ఆ అరగంటకు ఏం చేయాలో ముందే అనుకుని ఉండాలి, స్నానమో, సైకిలో, మేనమామకు ఫోనో. ముందు తనను తాను నాలుగు ప్రశ్నలు వేసుకోమనండి. ఆకలేస్తోందా, కోపంగా ఉందా, ఒంటరిగా ఉందా, అలిసిపోయానా? చాలాసార్లు కావాల్సింది గంజాయి కాదు, అన్నమో నిద్రో అని తేలుతుంది.

బయటికి పంపకపోవడం గురించి. మొదటి నెల సరే. కానీ గట్టు మీద కూర్చోబెట్టి ఈత నేర్పలేం కదమ్మా. ఇరవై నిమిషాల పనులతో మొదలుపెట్టండి, పాత బ్యాచ్ కూర్చునే చోటు దారిలో తగలకుండా చూసుకోండి. వారానికి వంద రూపాయలివ్వండి, లెక్క వాణ్నే రాయమనండి. నిద్రపోతున్నప్పుడు జేబులు వెతకొద్దు. టెస్ట్ చేయించాలనుకుంటే వాడితో ముందే చెప్పి, ఒప్పించి చేయించండి.

ప్రశ్న: అక్కా, నాకు 17. గంజాయి మానేసి మూడు నెలలైంది. పోయిన ఆదివారం ఫ్రెండ్ బర్త్‌డేకి వెళ్తే పాత బ్యాచ్ అంతా వచ్చింది. రెండు దమ్ములు కొట్టాను. ఇంటికొచ్చి ఏడ్చాను. మూడు నెలలు వేస్ట్ అయిపోయినట్టేనా? ఎలాగూ పోయింది కదా, ఇంకోసారి కొడితే ఏంటి అనిపిస్తోంది. అమ్మకి చెబితే మళ్లీ సెంటర్‌లో పడేస్తారేమో.
— పేరు వద్దు, గుంటూరు

జవాబు: తమ్ముడూ, "ఎలాగూ పోయింది కదా" అనే ఆ ఆలోచన ఆ రెండు దమ్ముల కంటే ప్రమాదం. అమెరికాలో అలన్ మార్లాట్ అనే సైకాలజిస్ట్ ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశాడు. కాలు జారడం వేరు, మళ్లీ ఆ అలవాటులో పూర్తిగా పడిపోవడం వేరు అని చెప్పాడు. జారినవాళ్లలో చాలామందిని కింద పడేసేది "నా వల్ల కాదు, నేనింతే" అని తమ మీద తామే వేసుకునే ముద్ర. నువ్విప్పుడు సరిగ్గా అక్కడ నిలబడి ఉన్నావు. 90 రోజుల్లోంచి ఒక్క రోజు తీసేస్తే 89 అవుతుంది, సున్నా కాదు. ఆ 89 రోజుల్లో నువ్వు ఎన్నిసార్లు వద్దనుకుని ఆగి ఉంటావో, అదంతా నీ దగ్గరే ఉంది.

ఒక కాగితం తీసుకుని ఆదివారాన్ని వెనక్కి రాసుకుంటూ రా. దమ్ము కొట్టే ముందు ఏం జరిగింది, దానికి ముందేం జరిగింది, ఎవరి బండి మీద వెళ్లావు, మధ్యాహ్నం తిన్నావా, శనివారం రాత్రి ఇంట్లో గొడవేమైనా అయిందా. బర్త్‌డేకి పిలిచినప్పుడే ఎవరెవరు వస్తారో నీకు కొంచెమైనా తెలుసు కదా? నాతో మాట్లాడే పిల్లలు రాసుకుంటూ పోతే చాలాసార్లు బయటపడేది ఇదే, జారింది దమ్ము దగ్గర కాదు, "ఏం కాదులే" అనుకుని బండెక్కిన చోట. ఆ చోటు కనిపెడితే వచ్చేసారి అక్కడ ఆగొచ్చు.

కొన్నాళ్లు అలాంటి పార్టీలకు వెళ్లకు. తప్పనిసరైతే నీ సొంతంగా వెళ్లి నీ సొంతంగా వచ్చేలా చూసుకో, వాళ్ల బండి మీద వెళ్తే వాళ్లు కదిలేదాకా నువ్వు కదల్లేవు. అమ్మతోనో అక్కతోనో ఒక గుర్తు పెట్టుకో. నువ్వు "పాలు తేవాలా?" అని మెసేజ్ పెడితే వాళ్లు వెంటనే ఫోన్ చేసి "అర్జెంటుగా రా" అనాలి. ఇందులో సిగ్గేమీ లేదు, పెద్దవాళ్లు కూడా ఇలాగే బయటపడతారు.

అమ్మకి చెప్పు. ముందు నీ కౌన్సెలర్‌కి చెప్పి, తర్వాత ఆవిడ సాయంతో చెప్పినా సరే. "అమ్మా, ఆదివారం తప్పు చేశాను, దాచుకోలేక చెబుతున్నాను, మళ్లీ జరగకుండా ఇదిగో ఇలా అనుకున్నాను" అని ఆ కాగితం చూపించు. ఒక్కసారి జారితే మళ్లీ అడ్మిట్ చేయాలనే రూలేమీ లేదు, అది డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకునే విషయం. ఇది చదివే తల్లులకు ఒక మాట, పిల్లాడు తనంతట తాను వచ్చి నిజం చెప్పిన రోజున దయచేసి కేకలు వేయొద్దు. ఆ రోజు కేకలేస్తే రెండోసారి చెప్పడు.

ఇంకో సంగతి, నీలాంటి మిగతా పిల్లల కోసం కూడా రాస్తున్నాను. మత్తు కోసం నొప్పి మాత్రలు, ఇంజెక్షన్లు వాడి మానేసినవాళ్లకు కొన్ని వారాల గ్యాప్ వచ్చాక ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. పాత మోతాదే మళ్లీ తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. చచ్చిపోవాలనిపించేంత దిగులు వస్తే 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబర్‌లో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా పలుకుతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ప్రశ్న: ప్రభుత్వ హైస్కూల్లో టీచర్‌ని. మా తొమ్మిదో తరగతి కుర్రాడు వైట్‌నర్ గుడ్డలో పోసి పీల్చేవాడు. తల్లిదండ్రులు వలస కూలీలు, నాయనమ్మ దగ్గర ఉంటాడు. చికిత్స తర్వాత మళ్లీ బడికొస్తున్నాడు. కొందరు టీసీ ఇచ్చి పంపేద్దాం అంటున్నారు. ప్రస్తుతానికి విడిగా కూర్చోబెట్టాం. లైఫ్ స్కిల్స్ క్లాసు నన్ను తీసుకోమన్నారు. మత్తుతో చెడిపోయినవాళ్ల వీడియోలు చూపిద్దామనుకుంటున్నాను.
— ఒక ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్

జవాబు: మాస్టారూ, టీసీ ఇవ్వనివ్వకండి. ఆ పిల్లాడి రోజులో పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఉన్న ఒకే ఒక గట్టి ఆసరా మీ బడి. మధ్యాహ్న భోజనం అక్కడే, తోటి పిల్లలు అక్కడే, పేరు పెట్టి పిలిచే పెద్దవాళ్లు అక్కడే. విడిగా కూర్చోబెట్టడం కూడా రేపే మానేయండి. అందరూ దూరం పెట్టిన పిల్లాణ్ని దగ్గరకు తీసేది మళ్లీ ఆ పాత గుంపే.

కేంద్ర ప్రభుత్వం ఎయిమ్స్ చేత చేయించి 2019లో బయటపెట్టిన దేశవ్యాప్త సర్వేలో ఒక విషయం నన్ను బాగా కలవరపెట్టింది. మిగతా మత్తులన్నీ పెద్దల్లో ఎక్కువ. ఇలా పీల్చే మత్తు ఒక్కటే పిల్లల్లో ఎక్కువ, 10 నుంచి 17 ఏళ్లవాళ్లలో 1.17 శాతం, పెద్దల్లో 0.58 శాతం. స్టేషనరీ షాపులో, పంక్చర్ షాపులో చవగ్గా దొరకడమే కారణం. మీ ఒక్క బడిలో వచ్చిన కష్టం కాదిది.

మీ స్టాఫ్ అందరికీ ఒక జాగ్రత్త చెప్పండి. పిల్లాడు పీలుస్తూ కంటపడితే అరవకూడదు, వెంటపడి తరమకూడదు. ఆ రసాయనాలు లోపలున్నప్పుడు ఒక్కసారిగా బెదిరితే, పరిగెత్తితే గుండె లయ తప్పి అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. మెల్లగా దగ్గరికెళ్లి, గుడ్డ తీసేసి, గాలి ఆడే చోట కూర్చోబెట్టి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

వీడియోలు వద్దు. మామూలు పిల్లలు రెండ్రోజులు భయపడి మర్చిపోతారు. మానిన పిల్లాడికి మాత్రం తెర మీద ఆ గుడ్డ, ఆ సీసా కనిపిస్తే మళ్లీ కావాలనిపిస్తుంది. 1970ల చివర్లో గిల్బర్ట్ బాట్విన్ అనే ఆయన న్యూయార్క్ బడుల్లో పిల్లలు సిగరెట్ల జోలికి పోకుండా ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. భయపెట్టడానికి బదులు, వద్దనడం, టెన్షన్ తట్టుకోవడం, నలుగురిలో మాట్లాడటం నేర్పాడు. తర్వాత ఆ పద్ధతినే మద్యానికీ మిగతా మత్తులకూ వాడారు. చాక్‌పీసూ నలుగురు పిల్లలూ ఉంటే మీ క్లాసులోనూ అది చేయొచ్చు.

మత్తు మాటే ఎత్తకుండా మొదలుపెట్టండి. "ఫ్రెండ్ నీ సైకిల్ అడిగాడు, పోయినసారి బ్రేక్ విరగ్గొట్టాడు, ఈసారి ఇవ్వడం ఇష్టం లేదు. ఎలా చెబుతావు?" ఇద్దరిని నిలబెట్టి నటించమనండి. క్లాసంతా నవ్వుతుంది, నవ్వనివ్వండి. తర్వాత ఇంకో ఇద్దరు. పరీక్షలో చూపించమన్నవాడికి ఏం చెప్పాలి, పది మందిలో టీచర్ తిడితే ఆ సాయంత్రం ఏం చేయాలి, ఇంట్లో అమ్మానాన్నా లేని రాత్రి భయమేస్తే ఎవరి దగ్గరికెళ్లాలి. ఇలా పది వారాలయ్యాక సిగరెట్ దగ్గరికి, వైట్‌నర్ దగ్గరికి రండి. అప్పటికి పిల్లల నోట్లో మాటలు సిద్ధంగా ఉంటాయి. ఆ కుర్రాడి పేరు మాత్రం ఏ ఉదాహరణలోనూ రానివ్వకండి, అందరితో పాటే వాడూ.

వాడికి బెల్లు కొట్టే పని ఇవ్వండి. నేను నిజంగానే అంటున్నాను. రోజూ టైమ్ చూసుకోవాలి, బడి మొత్తం వాడి చేతి మీద కదులుతుంది. బడి వదిలాక చీకటి పడేదాకా ఉన్న రెండు గంటలే వాడికి గండం, ఆ టైమ్‌లో గ్రౌండ్‌లో వాలీబాల్ ఆడించే పీఈటీ గారిని ఒప్పించగలిగితే సగం పనైపోయినట్టే. నాయనమ్మకు తోడు ఇంకో పెద్ద దిక్కు కావాలంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. రెగ్యులర్‌గా రాలేని పరిస్థితే వస్తే ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టించొచ్చు, కానీ అది చిట్టచివరి మాట.

ప్రశ్న: మా తమ్ముడికి 15. ఒక సెంటర్‌వాళ్లు ఆరు నెలలు లోపల ఉంచితే గ్యారంటీగా మారుస్తామంటున్నారు, అప్పటిదాకా మమ్మల్ని కలవనివ్వరట. పంపొచ్చా?
— ఒక అక్క, విజయనగరం

జవాబు: పంపొద్దమ్మా. ఈ విషయంలో గ్యారంటీ ఇచ్చే డాక్టర్ నాకు ఇంతవరకు తగల్లేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కిందికి మత్తు వల్ల వచ్చే సమస్యలూ వస్తాయి. ఆ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువాళ్లను పెద్దవాళ్లతో కలిపి ఉంచకూడదు, ఉన్నన్నాళ్లూ ఇంటి మనిషో, ఇంటివాళ్లు పెట్టిన తోడో పక్కనే ఉండాలి. "కలవనివ్వం" అనడంలోనే వాళ్ల సంగతి తెలుస్తోంది. రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. మీకు విశాఖ దగ్గరే, అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ముందు చూపించండి. చాలామంది పిల్లలకు అడ్మిషన్ అవసరమే పడదు, ఇంట్లో ఉంటూ వెళ్లి రావడం సరిపోతుంది. ఎక్కడికెళ్లాలో తోచకపోతే 14446, మత్తు మాన్పించడానికి కేంద్రం పెట్టిన ఉచిత నంబర్.

ప్రశ్న: మేడమ్, నేను లారీ డ్రైవర్‌ని. మావాడికి 16, గంజాయి మానేసి నాలుగు నెలలు. తెలిసిన కొత్తలో బెల్టుతో కొట్టాను. అప్పట్నుంచి నాతో మాట్లాడడు. నేను ఇంటికొచ్చినప్పుడు రాత్రిళ్లు రెండు పెగ్గులు వేసుకుంటాను, అది వేరు ఇది వేరు అని మా ఆవిడతో నాకు గొడవ. వాడితో మాట ఎలా కలపాలి?
— ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: అన్నా, కొట్టిన సంగతి మీరే రాశారు, అది రాయడానికి ఎంత ఆలోచించి ఉంటారో నాకు తెలుసు. కానీ అది వేరు ఇది వేరు కాదు. అలిసిపోయి ఇంటికొచ్చిన మనిషి ఆ అలసటను ఏం చేసుకుంటాడో వాడు రోజూ మిమ్మల్ని చూసే నేర్చుకుంటున్నాడు. మనం ఎన్ని క్లాసులు చెప్పించినా ఇంట్లో ఆ సీసా ఉన్నంతకాలం వాడి చెవికి అవి ఎక్కవు. ఇంట్లోంచి తీసేయండి. రోజూ తాగే అలవాటుండి, మానితే చేతులు వణుకుతుంటే ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టర్‌ని కలిసి ఆపండి. వాడికి చూపించిన డాక్టరే మీకూ చూస్తారు. తండ్రీకొడుకులు ఒకే ఓపీ లైన్లో కూర్చోవడం నేను చూశాను, ఆ పిల్లాడు వాళ్ల నాన్న చీటీ తనే పట్టుకుని కూర్చున్నాడు.

మాట కలపడానికి ఎదురెదురుగా కూర్చోబెట్టి "చెప్పరా" అనకండి. ఈ వయసు పిల్లలు పక్కపక్కన పని చేస్తున్నప్పుడే నోరు విప్పుతారు. మీ చేతిలో గొప్ప పని ఉంది. టైర్‌లో గాలి చూడటం, స్టెప్నీ మార్చడం, ఏ ఊరికి ఎంత డీజిల్ పడుతుందో లెక్క కట్టడం, చెక్‌పోస్ట్ దగ్గర కోపం రాకుండా కాగితాలు చూపించి బయటపడటం, ఇవన్నీ వాడికి కావాల్సిన చదువే. కొట్టినందుకు ఒక్కసారి, ఒక్క ముక్కలో "ఆ రోజు చేయి చేసుకోవడం నాదే తప్పురా" అనండి. "కానీ నువ్వు కూడా" అని దానికి తోక తగిలించకండి.

ఈసారి ట్రిప్పు నుంచి వచ్చాక బండి కడిగేటప్పుడు వాణ్ని పిలిచి పైపు చేతికివ్వండి. మొదటి రోజు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడకుండా బండి కడిగేసి లోపలికి వచ్చినా పరవాలేదు. వచ్చే ట్రిప్పు తర్వాత మళ్లీ పిలవండి.